పడని మందు పేరేంటి?

"సారూ, నాకు గోలీలు పడయి."

"ఏ గోలీలమ్మా?"

"పేరు తెల్వదు. తెల్లగుంటయి. అవి ఏస్కుంటే ఒళ్లంత దద్దుర్లొచ్చినయి."

"ఎప్పుడు?"

"మా చిన్నోడు కడుపుల ఉన్నప్పుడు."

చిన్నోడికి ఇప్పుడు ఇరవై ఏళ్లు!

లింగాల దవాఖానలో అయినా, అచ్చంపేట ప్రైవేటు క్లినిక్‌లో అయినా, హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రి ఓపీలో అయినా ఇలాంటి మాటలు వినిపిస్తూనే ఉంటాయి. యాస మారుతుందంతే. ఆమె అబద్ధం చెప్పడం లేదు. దద్దుర్లు వచ్చిన మాట నిజం. కానీ లోకంలో తెల్ల గోలీలు వేలకు వేలు. ఆ రోజు ఆమె వేసుకున్న పొట్లంలో జ్వరం మాత్ర ఉండొచ్చు, నొప్పి మాత్ర ఉండొచ్చు, యాంటీబయాటిక్ ఉండొచ్చు. మూడింటిలో ఏది పడలేదో ఆమెకు తెలియదు. ఎదురుగా కూర్చున్న డాక్టరుకు అంతకంటే తెలియదు. ఇప్పుడు ఆయన ముందు రెండే దారులు. అనుమానం ఉన్న మందులన్నీ పక్కన పెట్టి ఖరీదైనదేదో రాయడం, లేదా దేవుడి మీద భారం వేసి మామూలు మందే రాయడం. రెండూ మంచివి కావు.

నల్లమల అంచున ఉన్న లింగాల మండలంలో ఈ చిక్కు మరికాస్త ఎక్కువ. నాగర్‌కర్నూల్ జిల్లాలోని ఈ ప్రాంతం ఒకప్పటి ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో భాగం. 'పాలమూరు లేబర్' అన్న పేరు ఊరికే రాలేదు. పని దొరికిన చోటికల్లా వలస పోయిన కుటుంబాలివి. పిల్లాడికి ముంబయిలో జ్వరమొస్తే అక్కడో డాక్టరు, సంక్రాంతికి ఊరొస్తే ఇక్కడో ఆర్‌ఎంపీ, మళ్లీ హైదరాబాద్‌లో మరొకరు. చీటీ ఏ ఊళ్లో రాస్తే ఆ ఊళ్లోనే పోతుంది. మనిషితోపాటు తిరిగేది ఒక్క మాటే... 'ఏదో పడదు' అని.

అన్నీ అలర్జీలు కావు

'పడదు' అనేది మనకు చాలా సౌకర్యమైన మాట. వంకాయ పడదు, చన్నీళ్లు పడవు, అత్తాకోడళ్లకు పడదు. మందుల దగ్గర మాత్రం ఈ ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి.

అమాక్సిసిలిన్-క్లావులనిక్ యాసిడ్ వేసుకుంటే కొందరికి విరేచనాలవుతాయి. మెట్రోనిడజోల్ వేసుకుంటే నోరంతా చేదుగా, ఇనుము నాకినట్టుగా ఉంటుంది. ఇవి దుష్ప్రభావాలు. ఇబ్బందే గానీ అలర్జీ కాదు. 'వేడి చేసింది' అని మనవాళ్లు చెప్పేవాటిలో చాలా వరకూ ఈ కోవలోవే. అవసరం పడితే అదే మందును డాక్టరు మళ్లీ ఇవ్వొచ్చు.

అసలైన అలర్జీ వేరు. మన రక్షణ వ్యవస్థ మందును శత్రువుగా పొరబడుతుంది. దానికోసం ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసి సిద్ధంగా ఉంచుకుంటుంది. మందు మళ్లీ ఒంట్లోకి రాగానే హిస్టమిన్‌లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. నిమిషాల్లో, మహా అయితే గంటలో దద్దుర్లు లేస్తాయి. పెదవులు, కనురెప్పలు ఉబ్బుతాయి. గొంతు బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి. రక్తపోటు పడిపోయి మనిషి కుప్పకూలిపోతే అది అనఫిలాక్సిస్. 'ఇంజెక్షన్ వికటించి మృతి' అని పత్రికల్లో వచ్చే వార్తల్లో కొన్నింటి వెనక ఉండేది ఇదే. అందుకే 'పోయినసారి ఇదే మందు వాడా, ఏం కాలేదు' అన్న ధీమా పూర్తిగా పనికిరాదు. పోయినసారి ఒళ్లు దాన్ని గుర్తు పెట్టుకునే పనిలో ఉండి ఉండొచ్చు.

మూడో రకం ఆలస్యంగా వస్తుంది. మందు మొదలెట్టిన కొన్ని రోజులకు, ఒక్కోసారి వారాలకు, ఒంటిమీద ఎర్రటి దద్దు కనిపిస్తుంది. చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. కానీ దద్దుతోపాటు జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుళ్లు, చర్మం పొక్కులు లేచి ఊడిపోవడం ఉంటే అది స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ కావొచ్చు. సల్ఫా మందులతో ఇది వచ్చే అవకాశం ఉంది. ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. అలాంటి మందును జన్మలో మళ్లీ ముట్టకూడదు, పరీక్ష కోసమైనా సరే.

పదిలో తొమ్మిది తప్పే!

అమెరికాలో ప్రతి పదిమందిలో ఒకరి కేసుషీటు మీద 'పెన్సిలిన్ అలర్జీ' అని రాసి ఉంటుంది. వాళ్లను పిలిచి పద్ధతి ప్రకారం పరీక్షిస్తే, పదిలో తొమ్మిది మందికి ఆ మందు నిక్షేపంలా పడుతోంది. కారణాలు ఊహించనివేమీ కావు. చిన్నప్పుడు వైరల్ జ్వరమొచ్చి, దాంతోపాటు వచ్చిన దద్దును అప్పుడిచ్చిన సిరప్ మీదికి నెట్టేస్తారు. కడుపులో వికారాన్ని అలర్జీగా రాసేస్తారు. నిజమైన అలర్జీ ఉన్నవాళ్లలో కూడా పదేళ్లు గడిచేసరికి సుమారు 80 శాతం మందిలో అది మాయమవుతుంది. ఒంటికి మరపు వస్తుంది, చీటీకి రాదు.

పోనీలే, జాగ్రత్త మంచిదేగా అనిపిస్తుంది. కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఒక అధ్యయనం బ్రిటన్‌లో పెన్సిలిన్ అలర్జీ ముద్ర పడ్డ 64 వేల మందికి పైగా రోగుల వివరాలు చూసింది. మామూలు మందులకు లొంగని ఎంఆర్ఎస్ఏ అనే సూక్ష్మజీవి సోకే ముప్పు వారిలో 69 శాతం, తీవ్రమైన విరేచనాలు తెచ్చే క్లోస్ట్రిడియం డిఫిసైల్ ముప్పు 26 శాతం ఎక్కువగా కనిపించాయి. సూటిగా పనిచేసే పాత మందును కాదని, ఒంట్లోని మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేసే మందులు వాడాల్సి రావడం దీనికి పెద్ద కారణం.

మరి పాత ముద్రను చెరిపేసుకునే దారి లేదా? ఉంది. ఆస్ట్రేలియా, ఉత్తర అమెరికాల్లో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ముప్పు తక్కువని తేలిన 380 మందికి పైగా పెద్దవాళ్లను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి ముందు చర్మ పరీక్ష, రెండో బృందానికి నేరుగా నోటితో పెన్సిలిన్ మందు. రెండు బృందాల్లోనూ అలర్జీ బయటపడింది ఒక్కొక్కరికే. అంటే ఎప్పుడో చిన్నప్పుడు కాస్త దద్దు వచ్చి తగ్గినవాళ్లకు ఈ పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. అయితే ఇది అలర్జీ నిపుణుల పర్యవేక్షణలో, ఆస్పత్రిలో చేయాల్సిన పని. 'చూద్దాం, ఒక గోలీ వేసుకుంటే ఏమవుతుందో' అని ఇంట్లో చేసేది కాదు.

మందులకూ ఇంటిపేర్లుంటాయి

పడని మందు పేరు తెలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం, దాని చుట్టాలెవరో తెలుసుకోవడం.

పెన్సిలిన్ కుటుంబానికి ఇంటిపేరు 'సిలిన్'. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, పిపరాసిలిన్... అందరూ అన్నదమ్ములే. ఒకరితో తీవ్రమైన అలర్జీ వచ్చిందంటే, పరీక్షలు అయ్యేవరకూ మిగతావాళ్లతోనూ దూరంగానే ఉండాలి. 'సెఫ్' అని మొదలయ్యేవి సెఫలోస్పోరిన్లు. వీళ్లు పెదనాన్న పిల్లలు. పెన్సిలిన్ పడనివారిలో పదిశాతం మందికి ఇవీ పడవని పాత పుస్తకాల్లో ఉండేది. ఇప్పటి లెక్కల ప్రకారం అది సుమారు 2 శాతమే. ఆ పోలిక కూడా అణువు పక్కనుండే తోకను బట్టి ఉంటుంది. సెఫాలెక్సిన్, సెఫాడ్రాక్సిల్‌ల తోక ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్‌ల తోకను పోలి ఉంటుంది కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ అవసరం. ఆపరేషన్లకు ముందు ఇచ్చే సెఫజోలిన్ తోకే వేరు. ఏది ఇవ్వొచ్చో తేల్చేది డాక్టరే. మనం చేయాల్సింది ఆయనకు సరైన పేరు చెప్పడం.

'మైసిన్' దగ్గర మాత్రం మోసపోకూడదు. అజిత్రోమైసిన్, జెంటామైసిన్, క్లిండామైసిన్... పేర్ల చివర ఒకేలా ఉన్నా మూడూ మూడు వేర్వేరు కుటుంబాలవి. ఊళ్లో ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా చుట్టాలు కానట్టే! సల్ఫా మందుల విషయంలో ఇంకో భయం ఉంది. కో-ట్రైమాక్సజోల్ పడనివాళ్లు గంధకం ఉన్న ఉల్లి, వెల్లుల్లికి కూడా భయపడుతుంటారు. ఆ రెండింటికీ సంబంధం లేదు. నిశ్చింతగా తినొచ్చు.

పెన్సిలిన్ పడనివారికి అక్కరకొచ్చే మరో కుటుంబం 'సైక్లిన్'. చెవికి 'సిలిన్'లా వినిపించినా దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఈ కుటుంబానికి పెద్దన్న ఆరియోమైసిన్. దాన్ని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వెలికితీసింది అమెరికా లెడర్లే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్. ఆ ప్రయోగశాలలో పరిశోధనలను నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. స్క్రబ్ టైఫస్ జ్వరాలకు ఇప్పుడు వాడే డాక్సిసైక్లిన్ ఆ కుటుంబంలోదే. గర్భిణులకు, చిన్నపిల్లలకు మాత్రం ఈ మందుల్ని డాక్టర్లు ఆచితూచి వాడతారు.

కత్తెర చేసే నష్టం

ఇంతకీ పేరు తెలుసుకోవడం అంత కష్టమా? మందుల షాపులో మూడు మాత్రలు అడిగితే స్ట్రిప్పును కత్తెరతో కట్ చేసి ఇస్తారు. పేరున్న ముక్క షాపులో ఉండిపోతుంది, మాత్రలు మన చేతికొస్తాయి. ఇంకొన్నిచోట్ల రంగురంగుల గోలీలు కాగితంలో పొట్లం కట్టి 'పొద్దున, మాపు' అని ఇచ్చేస్తారు. దద్దుర్లొస్తే చూపించడానికి ఏమీ మిగలదు. పైగా ఒకే మందును పదుల కొద్దీ కంపెనీలు పదుల కొద్దీ పేర్లతో అమ్ముతాయి. లింగాలలో పడని మందే ముంబయిలో ఇంకో పేరుతో, ఇంకో రంగు డబ్బాలో ఎదురు కావొచ్చు.

ఇందుకు కొంత మందు ప్రభుత్వమే వేసింది. 2018 నుంచి మందు అసలు పేరును, కంపెనీ పెట్టిన బ్రాండు పేరు కంటే పెద్ద అక్షరాల్లో ముద్రించాలన్న నిబంధన వచ్చింది. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ ఉండాలని 2023 ఆగస్టు నుంచి అమలు చేస్తున్నారు. ఫోనుతో స్కాన్ చేస్తే అసలు పేరు కూడా తెలుస్తుంది. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని అర్థం. యాంటీబయాటిక్స్ విషయంలో ఆ గీత సంగతి చెప్పడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో పెద్ద ప్రచారమే చేసింది. అయినా ఎర్రగీత గోలీలు అడిగితే చాలు, చీటీ ఊసే ఎత్తకుండా ఇచ్చే షాపులకు కొదవలేదు.

అందుకని మాత్రలు తీసుకునేటప్పుడు పేరున్న ముక్కే కట్ చేసి ఇమ్మని అడగడం మేలు. అది కుదరకపోతే కట్ చేయకముందే స్ట్రిప్పును ఫోనులో ఫొటో తీసుకోవచ్చు. మందు వాడటం అయిపోయాక కూడా ఖాళీ స్ట్రిప్పును ఓ నెలరోజులు దాచి ఉంచితే నష్టమేం లేదు.

సూది దగ్గర అరగంట

మాత్ర కంటే సూది త్వరగా పనిచేస్తుందని మనకో నమ్మకం. వికటిస్తే అంతే త్వరగా వికటిస్తుంది కూడా. చేతి మీద చర్మంలోకి కాస్త మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి, కాసేపాగి చూడటం చాలా ఆస్పత్రుల్లో అలవాటు. మందును సరిగ్గా పలచన చేయకపోతే అలర్జీ లేనివాళ్లకూ అక్కడ ఎర్రబడుతుంది. ఏమీ రాకపోయినా, రోజుల తర్వాత వచ్చే రకాన్ని ఈ పరీక్ష పట్టుకోలేదు. అసలు పరీక్షకిచ్చే ఆ చుక్కే కొందరికి ముప్పు తేవచ్చు. కాబట్టి 'టెస్ట్ డోస్ వేశారా?' అని అడగడం కంటే 'అడ్రినలిన్ ఉందా?' అని అడగడం ముఖ్యం.

అనఫిలాక్సిస్‌కు మొదటి మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి, పెద్దవాళ్లకు అర మిల్లీలీటరు, పిల్లలకు బరువును బట్టి ఇంకా తక్కువ. చిన్న ఆంప్యూల్, పెద్ద ఖరీదు కూడా కాదు. ఊళ్లలో కనిపించేది మాత్రం వేరు. దద్దుర్లనగానే అవిల్, డెక్సోనా ఇచ్చి చూస్తారు. అవి దురదను తగ్గిస్తాయి గానీ, బిగుసుకుపోతున్న గొంతును, పడిపోతున్న బీపీని ఆ నిమిషాల్లో నిలబెట్టలేవు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వొచ్చు. లేపి నడిపించకూడదు. 108కి ఫోన్ చేయాలి. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టొచ్చు కాబట్టి ఆస్పత్రిలో ఉంచి గమనించాలి.

2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ లింగాల మండలంలోనే, నల్లమల లోపల అప్పాపూర్‌లాంటి చెంచు పెంటల నుంచి తారురోడ్డు ఎక్కడమే ఒక ప్రయాణం. అలాంటిచోట ఇంజెక్షన్ అంటే, పక్కన అడ్రినలిన్ ఉండి, దాన్ని ఇవ్వడం తెలిసిన మనిషి ఉన్నప్పుడే. సూది వేయించుకున్నాక బస్సు పోతుందని వెంటనే లేచి పరిగెత్తకుండా అరగంట అక్కడే కూర్చోవాలి.

భయం మరీ ఎక్కువైనా ప్రమాదమే. గొంతునొప్పితో మొదలై గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జబ్బు పేదింటి పిల్లల్ని ఎక్కువగా పట్టుకుంటుంది. అది తిరగబెట్టకుండా మూడు నాలుగు వారాలకోసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌ను ఏళ్ల తరబడి తీసుకోవాలి. ఎక్కడో వికటించిందని విని ఆ సూది వేయడానికే జంకేవాళ్లున్నారు. కవాటాలు బాగా దెబ్బతిన్న రోగుల్లో ఇంజెక్షన్ తర్వాత జరిగిన కొన్ని మరణాలకు కారణం అలర్జీ కాకపోవచ్చనీ, బలహీనమైన గుండె ఆ ఒత్తిడికి తట్టుకోలేకపోవడం కావొచ్చనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. అలాంటివారికి నోటితో వేసుకునే మాత్రలు మేలని సూచించింది. మిగతా పిల్లలకు ఆ సూదే రక్ష. కాబట్టి ఇలాంటి పిల్లాడి చీటీ మీద ఎవరో తొందరపడి 'పెన్సిలిన్ పడదు' అని రాస్తే, అది నిజమో కాదో తేల్చుకోకుండా వదిలేయకూడదు.

పెన్సిలిన్ తప్ప గత్యంతరం లేని సందర్భాలూ ఉన్నాయి. గర్భిణికి సిఫిలిస్ ఉంటే కడుపులో బిడ్డను కాపాడే మందు అదొక్కటే. అలాంటప్పుడు ఆస్పత్రిలో అతి చిన్న మోతాదుతో మొదలెట్టి, గంటల వ్యవధిలో కొద్దికొద్దిగా పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారు. మందు నడిచినన్నాళ్లే ఆ అలవాటు. ఆపేస్తే మళ్లీ మామూలే.

ఓ చిన్న కాగితం

మందు వికటించిందని అనుమానం వస్తే ఆ సంగతి డాక్టరే కాదు, రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ ప్రభుత్వానికి తెలపొచ్చు. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఇందుకోసమే ఉంది. 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది.

ఇక ఇంట్లో చేసుకోవాల్సింది ఓ కాగితం. డాక్టరునే రాసిమ్మని అడగాలి. మందు అసలు పేరు, ఏ జబ్బుకిచ్చారు, మాత్రా, సూదా, వేసుకున్న ఎంతసేపటికి ఏమైంది, ఏ నెల ఏ సంవత్సరం, అప్పుడు ఇంకా ఏయే మందులు నడుస్తున్నాయి, ఏ చికిత్సతో తగ్గింది. ఆ తర్వాత ఏ యాంటీబయాటిక్ ఇబ్బంది లేకుండా పడిందో కూడా రాయించుకోవాలి. తర్వాతి డాక్టరుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఆ చివరి వాక్యమే. ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోవచ్చు. అసలు కాగితాన్ని ఆధార్ కార్డు పెట్టుకునే కవర్‌లోనే పెడితే సరి. వలస బస్సెక్కేటప్పుడు మనవాళ్లు ఇంకేదైనా మరిచిపోతారేమో గానీ, దాన్ని మాత్రం మరిచిపోరు.